కేంబ్రిడ్జి విద్యార్థి దశ – మైసూరు విద్యాదర్శము
(కట్టమంచి రామలింగారెడ్డి విదేశవిద్యను గూర్చిన పరామర్శ)

ఆంధ్రుల విదేశవిద్యా చరిత్ర ఇంకను సమగ్రముగ రచింపబడవలసియే యున్నది. జీవితచరిత్రలయందు ఈ ఘట్టము సాధారణముగ రెండు వాక్యములతో ముగియుచుండును. ఫలానివారు ఫలాని సంవత్సరమున ఆంగ్లదేశమునకు వెడలిరి. ఫలాని పట్టమును గైకొని మరలివచ్చిరి. ఆ రెండు వాక్యముల నడుమ గడచిన మూడు నాలుగేండ్లలో ఆ యువకుడు ఎట్లు జీవించెను? ఎవరి సరసను కూర్చుండి భుజించెను? ఏ వాదమును విని మనసు మార్చుకొనెను? తిరిగివచ్చిన పిదప వానిలో దేనిని ఈ నేలను నాటగలిగెను? ఈ ప్రశ్నలు వేయువారు అరుదు. పట్టము గోడకు వ్రేలాడును. నేర్చిన నడవడి నలుగురికి పంచబడును. విదేశవిద్య విలువను కొలుచుటకు ఈ రెండవదియే తగిన కొలబద్ద.

ఈ కొలబద్దకు నిలువగల ఆంధ్రులలో కట్టమంచి రామలింగారెడ్డి ముఖ్యుడు. ఆయన కేంబ్రిడ్జి విద్యార్థి. మైసూరు సంస్థానమున ఆచార్యుడు, విద్యాశాఖ కధిపతి. మైసూరు విశ్వవిద్యాలయ రూపకల్పనకు కారకులైన ఇరువురిలో నొకడు. ఆ విశ్వవిద్యాలయపు ఒక పాదము మైసూరునను, మరియొక పాదము బెంగుళూరునను మోపబడెను. కావున కేంబ్రిడ్జిలో ఒక తెలుగు విద్యార్థి గడపిన కాలము బెంగుళూరు విద్యాచరిత్రలో ఒక భాగమైనది. ఆయన అచ్చటినుండి తెచ్చిన దేమి, ఇచ్చట నాటుకొనిన దేమి, నాటుకొననిది ఏల నాటుకొనలేదు అనునదియే ఈ వ్యాసమున విచార్యాంశము.

సముద్రమును దాటకముందు

రామలింగారెడ్డి 1880 డిసెంబరు 10వ తేదీన జన్మించెను. కట్టమంచి చిత్తూరు చెంతనున్న గ్రామము. చిత్తూరు నాడు మదరాసు రాజధానిలోని ఉత్తరార్కాటు మండలమున చేరియుండెను. తెలుగు, తమిళము, కన్నడము మూడును చెవినిబడు సీమ యది. మైసూరు సంస్థానపు ఎల్ల అక్కడికి దూరము కాదు. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుచున్న దినములలోనే ఆయన 'ముసలమ్మ మరణము' అను కావ్యమును రచించెను. చెరువుకట్ట తెగకుండ ఊరికొరకు ప్రాణము నర్పించిన ఒక కాపుకోడలి కథ యది. పురాణ కథలను, రాజుల కథలను విడచి, అనంతపుర ప్రాంతపు స్థానికగాథను కావ్యవస్తువుగ గ్రహించుట నాటికి క్రొత్త. ఓడ నెక్కకముందే ఆయన చూపు స్వదేశపు సామాన్యజనులపై నిలిచియుండెననుటకు ఇది తార్కాణము. విదేశవిద్య ఆ చూపునకు పదునుపెట్టినదే గాని దానిని క్రొత్తగ నీయలేదు.

భారత ప్రభుత్వపు విద్యార్థివేతనమును బడసి రెడ్డి 1902లో ఆంగ్లదేశమునకు పయనమయ్యెను. ఆ వేతనము ఏటేట దేశమంతటిలో వ్రేళ్లపై లెక్కింపదగిన కొలదిమందికే లభించెడిది. తక్కినవారు తండ్రి యాస్తిపైననో, అప్పుపైననో, దాతల దయపైననో ఆధారపడి పోవలసినదే. సూయజు కాలువ 1869లో తెరువబడిన పిదప బొంబాయి నుండి లండను ప్రయాణము సుమారు మూడు వారముల పనిగ మారినది. కాలువ సముద్రమును దగ్గరచేసినను సంఘమును దగ్గరచేయలేదు. సముద్రయానము చేసినవానికి ప్రాయశ్చిత్తము విధింపవలెనా, వానితో పంక్తిభోజనము చేయవచ్చునా అను వివాదము ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో అనేక కుటుంబములను చీల్చినది. గణితశాస్త్రజ్ఞుడు శ్రీనివాస రామానుజన్ సయితము కేంబ్రిడ్జి పిలుపు వచ్చినపుడు ఆచారభయముచే తొలుత వెనుదీసెను. 1914లో మాత్రమే ఓడ నెక్కెను. పయనమగువాడు వీడ్కొలుపునకు వచ్చినవారి కన్నులలో ఆనందముతోపాటు ఈ సందేహమును గూడ చూచి పోవలసియుండెను.

కళాశాలా జీవితము

రెడ్డి చేరినది సెయింట్ జాన్స్ కళాశాల. 1511లో లేడీ మార్గరెట్ బోఫర్ట్ ఆస్తితో స్థాపింపబడిన ఆ కళాశాల కామ్ నదికి ఇరుగడల వ్యాపించి యున్నది. భారతీయులకు ఆ పేరు అపరిచితము కాదు. మహారాష్ట్రుడైన రఘునాథ పురుషోత్తమ పరాంజపే ఆ కళాశాల విద్యార్థిగనే 1899లో గణిత పరీక్షయందు అగ్రస్థానమును పొందియుండెను. రెడ్డి చేరునాటికి ఆ వార్త ఇంకను పాతబడలేదు.

నాటి కేంబ్రిడ్జి విద్యార్థి దినచర్య మదరాసు విద్యార్థి కెరుకలేనిది. మదరాసు విశ్వవిద్యాలయము 1857లో కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయములతో పాటు, నాటి లండను విశ్వవిద్యాలయ ఫక్కిని ఏర్పడినది. దానికి ముఖ్యమైన పని పరీక్షలు జరుపుట. విద్యార్థి ఏ ఊరిలో నివసించెను, ఎవరితో మాటలాడెను అను విషయములతో దానికి పనిలేదు. కేంబ్రిడ్జిలో ఇందుకు విపర్యయము. పరీక్షలో ఉత్తీర్ణుడైనను, తొమ్మిది టరములు అచ్చట నివసింపనివానికి పట్టము లేదు. నివాసమే విద్యలో సగభాగమని ఆ నియమమునకు అర్థము.

చీకటిపడిన పిదప వీధిలో తిరుగు విద్యార్థి నల్లని అంగీని ధరింపవలెను. ధరింపక పట్టుబడినచో 6 షిల్లింగుల 8 పెన్నీల జుల్మానా. రాత్రి 10 గంటలకు కళాశాల తలుపులు మూయబడును. ఆ తరువాత వచ్చినవాని పేరు వ్రాయబడును. సాయంకాలము పెద్దసాలయందు బల్లల ప్రక్కన బారులుతీరి అందరును కలసి భోజనము చేయవలెను. ప్రభువుకొడుకును, పల్లెటూరి మతాచార్యుని కొడుకును, వేతనముపై వచ్చిన వలసదేశపు విద్యార్థియు ఒకే బల్లకడ కూర్చుందురు. ఉపన్యాసములు కొలది, చదువు ముఖ్యముగ వ్యాసరచనపై నడచును. విద్యార్థి వారమునకొక వ్యాసము వ్రాసి శిక్షకుని యెదుట చదువును, శిక్షకుడు ప్రశ్నించును, విద్యార్థి సమర్థించుకొనును. ఉపాధ్యాయుడు చెప్పినదానిని వల్లించుట అచ్చట గుణము కాదు, దోషము.

రెడ్డి చదివిన చరిత్రశాఖ ఆనాడు మార్పుల నడుమ నుండెను. చరిత్రాచార్యుడు లార్డ్ ఆక్టన్ 1902లోనే మరణించెను. ఆయన పీఠమున జె. బి. బ్యూరీ నియుక్తుడయ్యెను; చరిత్ర ఒక శాస్త్రమని 1903లో ఆయన చేసిన ప్రారంభోపన్యాసము పెద్దచర్చను లేపినది. ఆంగ్లధర్మశాస్త్ర చరిత్రను పునర్నిర్మించిన మెయిట్లండ్ ఆ యూరనే బోధించుచుండెను. ఆల్ఫ్రెడ్ మార్షల్ యత్నముచే 1903లో అర్థశాస్త్రమునకు ప్రత్యేక పరీక్ష ఏర్పడినది. రాజ్యాంగము, అర్థశాస్త్రము, చరిత్ర అను మూడింటిని ఒకే సమస్య యొక్క మూడు ముఖములుగ చూచు వాతావరణమున రెడ్డి మూడేండ్లు గడపెను. 1905లో చరిత్ర పరీక్షయందు ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను.

వాదసభ

పరీక్షాఫలము కంటె ఎక్కువ గణింపదగినది యూనియన్ సొసైటీలో రెడ్డి పొందిన స్థానము. 1815లో ఏర్పడిన ఈ విద్యార్థి వాదసభ యొక్క భవనము సెయింట్ జాన్స్ కళాశాలకు అతిసమీపముననే కలదు. పార్లమెంటు ఫక్కిని అచ్చట ఒక తీర్మానము ప్రతిపాదింపబడును, పక్షప్రతిపక్షములు వాదించును, కడపట సభ్యుల మతములు లెక్కింపబడును. అచ్చట నోరు తెరచి నిలద్రొక్కుకొనిన యువకుడు కాలాంతరమున మంత్రి యగుట వాడుక. ఆ సభకు ఉపాధ్యక్షుడుగ ఎన్నికైన మొదటి భారతీయుడు రామలింగారెడ్డి. ఆయనవలెనే 1902లో కేంబ్రిడ్జి చేరిన జాన్ మేనార్డ్ కీన్స్ 1905లో అదే సభ కధ్యక్షుడుగ నుండెను. తరువాత లోకమంతటికిని అర్థశాస్త్రమును బోధించిన వానితో సమానముగ నిలిచి వాదించు అవకాశము, పాలకజాతి విద్యార్థులచే మతములనిచ్చి ఎన్నుకొనబడు అవకాశము, చిత్తూరు సీమ యువకునికి అచ్చట లభించినవి.

ఇందలి వైపరీత్యము గమనింపదగినది. అదే సంవత్సరములలో భారతదేశమున శాసనసభలయందు ప్రజలచే నేరుగ ఎన్నుకొనబడిన సభ్యు డొక్కడును లేడు. 1905లో బంగాళవిభజన జరిగినది. ఆ యేడే గోపాలకృష్ణ గోఖలే కాంగ్రెసు ప్రతినిధిగ ఆంగ్లదేశమున పర్యటించి భారతీయుల రాజకీయ హక్కులను గూర్చి సభలలో ప్రసంగించెను. కేంబ్రిడ్జిలో మతమడిగి గెలువగల భారతీయుడు బెజవాడలోగాని చిత్తూరులోగాని అట్టి మత మడుగుటకు వీలులేదు. వాదమునకు విలువ గల దేశమును కన్నులార చూచి, వాదమునకు చోటులేని దేశమునకు తిరిగివచ్చుట నాటి ప్రతి భారతీయ విద్యార్థికిని సంభవించిన అనుభవము. పలువురు జాతీయవాదులైనది ఆంగ్లదేశముననే యనుట ఈ కారణము చేతనే.

వెలుగుతోపాటు నీడ

కేంబ్రిడ్జిని గూర్చి పొగడ్తలే వ్రాసిన చరిత్ర కాజాలదు. మత పరీక్షలు 1871లో మాత్రమే రద్దుకాగా, అంతవరకు ఆంగ్లమత శాఖకు చెందని వారికి అచ్చట పూర్తి హక్కులు లేవు. స్త్రీలు చదువవచ్చును, పరీక్షలు వ్రాయవచ్చును గాని, పట్టము లేదు. 1897లో ఆ ప్రతిపాదన ఓడిపోయినది. 1948లో గాని వారికి సమానమైన పట్టము లభింపలేదు. భారతీయుని వాదసభలో ఉపాధ్యక్షుని జేసిన విశ్వవిద్యాలయమే 1908 తరువాత ఏర్పడిన సైనికశిక్షణదళమున భారతీయుని చేర్చుకొన నిరాకరించినది. మాటలాడుటకు సమానుడు, ఆయుధము పట్టుటకు కాడు అను ఈ భేదము విద్యార్థుల మనసులను నొప్పించినది.

ఒంటరితనము మరియొక నీడ. టరము ఒక్కొక్కటి సుమారు 8 వారములు. ఏడాదికి మూడు టరములు కలసి 24 వారములు. మిగిలిన 28 వారములు సెలవులే. ఆంగ్ల విద్యార్థికి సెలవులనగా ఇల్లు. భారతీయునికి అద్దెగది, బొగ్గులపొయ్యి, కిటికీ వెలుపల పొగమంచు. శాకాహారి కష్టములు చెప్పనలవికావు. రామానుజన్ యుద్ధకాలమున తన గదిలోనే వండుకొని, కావలసిన వస్తువులు దొరకక ఆరోగ్యమును పోగొట్టుకొనిన వృత్తాంతము సుప్రసిద్ధము. 1907 నాటికి భారతీయ విద్యార్థుల స్థితిని విచారించుటకు ప్రభుత్వము లీ వార్నర్ అధ్యక్షతను ఒక సంఘమును నియమింపవలసివచ్చినది. 1909లో లండనులో కర్జన్ వైలీ హత్య జరిగిన పిదప విద్యార్థులపై పోలీసుల కన్ను పడినది. రెడ్డి తరమువారు అనుభవించిన సౌహార్దము వారి తరువాతి తరమునకు అదే మోతాదున దక్కలేదు.

రెడ్డి సమకాలికులైన తెలుగువారిని ఆయన ప్రక్కన నిలిపి చూచిన, విదేశవిద్య అందరికి ఒకే ఫలము నీయలేదని తేటపడును. రాజమహేంద్రవర పురపాలక సంఘాధ్యక్షుడుగ నుండిన టంగుటూరి ప్రకాశము 1904లో లండనునకు పోయి బారిష్టరై 1907లో తిరిగివచ్చెను. రెండవతరగతి ప్లీడరునకు మదరాసు హైకోర్టు తలుపులు మూసియుండుటయే ఆ ప్రయాణమునకు కారణము. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎడింబరోలో పట్టభద్రుడై, ఆనంద కుమారస్వామితో కలసి నందికేశ్వరుని 'అభినయదర్పణము'ను ఆంగ్లీకరించెను. ఆ గ్రంథము 1917లో అచ్చయినది. 1921లో ఆయన చీరాల-పేరాల పోరాటమునకు నాయకుడయ్యెను. వరాహగిరి వెంకటగిరి 1913లో డబ్లిను నగరమునకు న్యాయశాస్త్రమునకై పోయి, ఐర్లండు స్వాతంత్ర్యవాదుల సాంగత్యమువలన 1916లో ఆ దేశమును విడువవలసివచ్చెను. ఈ గిరిగారే 1965 మొదలు 1967 వరకు మైసూరు రాష్ట్ర గవర్నరుగ బెంగుళూరు రాజభవనమున నివసించిరి. ఒకరికి వృత్తి, ఒకరికి కళాదృష్టి, ఒకరికి కార్మికోద్యమ దీక్ష. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టరు పార్వతీశము' అను నవలలో మొగలితుర్రు యువకుని విదేశయాత్రను హాస్యముగ చిత్రించుట వలన ఈ తరము అమాయకత్వము తెలుగువారికి చిరస్మరణీయమైనది. రెడ్డి తెచ్చినది వీనిలో ఏదియు గాదు. ఆయన తెచ్చినది ఒక విద్యాలయము ఎట్లుండవలెనను భావన.

మరలివచ్చిన పిదప

స్వదేశమునకు వచ్చిన రెడ్డిని బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడు తన కళాశాలకు పిలిచెను. అచ్చట కొలదికాలము పనిచేసి, ఆయన మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యుడుగ చేరెను. ఆచార్యుడైన పిదప ఆయన రచనలలో రెండింటిని చూచిన చాలును. కేంబ్రిడ్జి జాడ తెలియును. తెలుగున అర్థశాస్త్రమును వ్రాసెను. మార్షల్ కాలపు కేంబ్రిడ్జిలో విన్న శాస్త్రమును ఆంగ్లము రాని పాఠకునికి అందించుట దాని ఉద్దేశము. 1914లో 'కవిత్వతత్త్వ విచారము'ను ప్రకటించి పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను విమర్శించెను. ప్రాచీనకావ్యమును పొగడుటయో నిందించుటయో గాక, ప్రశ్నించి తూచుట ఆ గ్రంథపు పద్ధతి. వారమువారము శిక్షకుని యెదుట వ్యాసము చదివి సమర్థించుకొనిన విద్యార్థి చేతిలోనుండియే ఆ పద్ధతి వెలువడినది. పండితులు కొందరు ఆగ్రహించిరి, వాదము పుట్టినది. తెలుగు విమర్శకు ఆ వాదమే మేలుచేసినది.

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధకుడగుటకు రెడ్డి ప్రోత్సాహము కారణము. ఒకరు సముద్రము దాటి వచ్చిన చరిత్రకారుడు. మరియొకరు గురుకులమున సంస్కృతాంధ్రములను, సంగీతమును అభ్యసించిన పండితుడు. ఆ పండితుడే తరువాత వేమనపై చేసిన ఉపన్యాసములు తెలుగు విమర్శలో మేలిబంతులైనవి. విదేశవిద్యను పొందినవాడు స్వదేశవిద్వాంసుని గుర్తింపగలుగుటయు విద్యయొక్క ఫలములలో నొకటి.

మైసూరు విశ్వవిద్యాలయము

ఆ దినములలో మైసూరు సంస్థానపు కళాశాలలు మదరాసు విశ్వవిద్యాలయమునకు లోబడి యుండెను. మైసూరు మహారాజా కళాశాల, బెంగుళూరు సెంట్రల్ కాలేజి రెండును విద్యార్థులను తయారుచేసి మదరాసు పరీక్షలకు పంపుచుండెను. 1858లో ఉన్నతపాఠశాలగ ఆరంభమై 1875లో ఆ పేరు దాల్చిన సెంట్రల్ కాలేజి నాటికే ప్రసిద్ధము. 1912లో దివానైన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆ కళాశాల విద్యార్థియే. కర్నూలు సీమలోని మోక్షగుండము నుండి వలసవచ్చిన వంశమాయనది. సంస్థానమునకు స్వంత విశ్వవిద్యాలయము వలెనని ఆయన పట్టుదల. రెడ్డి, థామస్ డెన్‌హామ్ అను ఆచార్యులిరువురును నానాదేశముల విశ్వవిద్యాలయములను పరిశీలించి నివేదికల నిచ్చిరి. వాని ఫలముగ 1916 జులై 27వ తేదీన మైసూరు విశ్వవిద్యాలయము అవతరించెను. దేశమున అది ఆరవది. బ్రిటిషు పాలిత ప్రాంతమునకు వెలుపల మొదటిది. నాలుమడి కృష్ణరాజ ఒడెయరు కులపతి, హెచ్. వి. నంజుండయ్య మొదటి ఉపకులపతి.

నూతన విశ్వవిద్యాలయమునకు మూడు దిక్కుల నుండి మూడు ఆదర్శములు గ్రహింపబడినవి. జ్ఞానపు ఎల్లలను విస్తరించుటకు అమెరికాలోని చికాగో. జ్ఞానమును ప్రజలలో వెదజల్లుటకు విస్కాన్సిన్. కలసి నివసించుచు కలసి చదువుచు ప్రజాజీవితమునకు సిద్ధపడుటకు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి. ఈ మూడవ ఆదర్శమును పుస్తకములలో చదివి తెలియుట వేరు. మూడేండ్లు అనుభవించి తెలియుట వేరు. సెయింట్ జాన్స్ పెద్దసాలయందలి బల్లయు, యూనియన్ సభామందిరమును రెడ్డి వెంట మైసూరు వరకు వచ్చినవనిన అతిశయోక్తి కాదు.

కాని ఈ ఆదర్శమునకే ఇచ్చటి నేల ఎక్కువ ఎదురుతిరిగినది. మొదటి అడ్డు భౌగోళికము. కళల బోధన మైసూరున, శాస్త్రముల బోధన బెంగుళూరున అని విశ్వవిద్యాలయము రెండు నగరముల నడుమ పంచబడినది. 1917లో విశ్వేశ్వరయ్య నెలకొల్పిన ఇంజనీరింగు కళాశాలయు బెంగుళూరుననే ఏర్పడెను. చరిత్ర చదువువానికిని భౌతికశాస్త్రము చదువువానికిని నడుమ ఎనుబది మైళ్లకు పైబడిన దూరము. సాయంకాలము ఒకే బల్లకడ కూర్చుండి వారిరువురు వాదించుకొను అవకాశము ఏర్పాటులోనే లోపించినది.

రెండవ అడ్డు అంతకంటె లోతైనది. కేంబ్రిడ్జి చదువునకు మూలము సహభోజనము. బెంగుళూరున ఆనాటి బీదవిద్యార్థి వారములు చేసికొని చదువువాడు. సోమవారమొక ఇంట, మంగళవారమొక ఇంట భోజనము. ఆ ఇండ్లన్నియు వాని కులమువారివే. 1906లో ఒక్కలిగర సంఘము బెంగుళూరున ఏర్పడినది మొదలు కులసంఘములు తమతమ బిడ్డలకు వసతిగృహములను కట్టింప బూనుకొనినవి. ఆ వారములు, ఆ వసతిగృహములు లేకున్నచో వేలకొలది బాలురకు చదువే లేదు. వానిని నిందించుట కృతఘ్నత యగును. అయినను పలుకులమువారు ఒకచోట కూర్చుండి తినుటవలన గలుగు శిక్షణ వానివలన గలుగదు. కేంబ్రిడ్జి నియమము విద్యార్థి నంతటిని ఒక పంక్తికి చేర్చినది. ఇచ్చటి దయ విద్యార్థిని వాని పంక్తిలోనే నిలిపినది.

రెడ్డి దీనిని గ్రహింపక పోలేదు. మహారాజా కళాశాల ప్రధానాచార్యుడైన పిదప ఆయన సంస్థాన విద్యాశాఖకు ఇన్‌స్పెక్టరు జనరలయ్యెను. అస్పృశ్యులుగ ఎంచబడినవారి బిడ్డలకు సర్కారు పాఠశాలలలో ప్రవేశము కలిగింపవలెనని ఆయన పట్టుపట్టెను. ప్రతిఘటన వచ్చినను వెనుదీయలేదు. పైకి చూచిన, కేంబ్రిడ్జికిని పల్లెబడికిని సంబంధము లేదు. లోతుగ చూచిన, ఈ రెండు పనులు ఒకటే. కళాశాలలో ఒక బల్ల కావలెనన్న, బడిలో ఒక బెంచి కావలెను. విశ్వవిద్యాలయ ప్రణాళికలో ఎక్కినదానికంటె ఈ బడిప్రవేశ యత్నముననే ఆయన విదేశవిద్య సార్థకమైనదని చెప్పుట న్యాయము.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు

1921లో రెడ్డి మైసూరు కొలువును విడచి మదరాసు రాజధాని రాజకీయములలో ప్రవేశించెను. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు స్థాపింపబడగా దానికి మొదటి ఉపాధ్యక్షుడయ్యెను. 1930లో, శాసనోల్లంఘనోద్యమముపై ప్రభుత్వము సాగించిన దమననీతికి నిరసనగ ఆ పదవిని త్యజించెను. వాదమునకు బదులు లాఠీ ప్రయోగింపబడు చోట విశ్వవిద్యాలయ పీఠమున కూర్చుండుట ఆయనకు పొసగలేదు. యూనియన్ సభలో నేర్చినది ఇచ్చట పనికివచ్చిన తీరిది. తిరిగి 1936 మొదలు 1949 వరకు ఆ పరిషత్తును నడపెను. 1949లో మైసూరు విశ్వవిద్యాలయ ఉపకులాధిపతిగ మరల ఈ సీమకు వచ్చి, 1951 ఫిబ్రవరి 24వ తేదీన దివంగతుడయ్యెను.

ఫలశ్రుతి

జంషెడ్జీ టాటా 1892లో భారతీయ విద్యార్థులను పైచదువులకై విదేశములకు పంపుటకు ఒక నిధిని నెలకొల్పెను. ఆయన సంకల్పముననే, మైసూరు సర్కారు ఇచ్చిన భూమిలో, బెంగుళూరు భారత విజ్ఞాన మందిరము 1909లో ఏర్పడి 1911లో విద్యార్థులను చేర్చుకొనెను. పిల్లలను పంపుటకొక నిధి, పంపవలసిన అక్కర లేకుండ జేయుటకొక విద్యాలయము. ఈ రెండును పరస్పరవిరుద్ధములు కావు. మొదటిది విత్తనము, రెండవది పంట.

రెడ్డి చరిత్రయు ఇట్టిదియే. ఆయన ఇన్‌స్పెక్టరు జనరలుగ నుండిన కాలమున, 1918 మొదలు 1921 వరకు, మైసూరున తత్త్వశాస్త్రమును బోధించిన సర్వేపల్లి రాధాకృష్ణ ఏ విదేశ విశ్వవిద్యాలయముననూ విద్యార్థి కాడు. అయినను 1936లో ఆక్స్‌ఫర్డున ఆచార్యపీఠము నధిష్ఠించెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్రమును బోధించిన సూరి భగవంతము స్వదేశమున చదివినవాడే. 1957 మొదలు 1962 వరకు బెంగుళూరు విజ్ఞానమందిరమున కధిపతిగ నుండెను. 1902లో చిత్తూరు యువకుడు దేనికొరకు ఓడ నెక్కవలసివచ్చెనో, అది రెండు తరములలో కొంతవరకు ఇంటిముంగిటికి వచ్చినది.

1964లో బెంగుళూరు విశ్వవిద్యాలయము వేరుపడి, సెంట్రల్ కాలేజియు, ఇంజనీరింగు కళాశాలయు దానిలో చేరినవి. నేడు బెంగుళూరు నుండి బ్రిటిషు విశ్వవిద్యాలయములకు పోవు తెలుగు విద్యార్థికి మూడు వారముల ఓడప్రయాణము లేదు, ప్రాయశ్చిత్తపు జంకు లేదు; తల్లిదండ్రుల అప్పు మాత్రము అట్లే యున్నది. వానిని సాగనంపునపుడు పెద్దలు ఏ పట్టముతో వత్తువని అడుగుదురు. అడుగవలసిన ప్రశ్న మరియొకటి గలదు. అచ్చట ఎవరి సరసను కూర్చుండి భుజించెదవు? తిరిగివచ్చి, ఇచ్చట ఎవరికి నీ సరసను చోటిచ్చెదవు? రామలింగారెడ్డి ఈ రెండవ ప్రశ్నకు బదులు చెప్ప యత్నించెను. ఆ యత్నము సగమే నెరవేరినది. మిగిలిన సగము తరువాతివారి కప్పగింపబడియున్నది.